ఐడియా మీది... తయారీ వాళ్లది!

జేబులో ఒక కాగితం. దానిమీద పెన్సిల్‌తో గీసిన బొమ్మ. అంతే! ఫ్యాక్టరీ లేదు, యంత్రాల్లేవు, ఇంజినీర్లూ లేరు. అయినా కొన్ని నెలలు తిరిగేసరికి ఆ బొమ్మ వస్తువుగా మారి, అట్టపెట్టెలో సర్దుకుని, పెట్టెమీద మీ కంపెనీ పేరు అచ్చేసుకుని ఓడెక్కేస్తుంది. 'ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం' అని మనం వెక్కిరిస్తాం. కానీ ముందు పేరు పెట్టుకుని ఆ తర్వాత బిడ్డను వెతుక్కునే వ్యాపారానికి ఈ భూమ్మీద ఒక ఊరుంది. చైనాకి దక్షిణపు కొసన, హాంకాంగ్‌ని ఆనుకుని ఉన్న షెన్‌జెన్. మీ ఇంట్లో ఉన్న చార్జరు, బ్లూటూత్ స్పీకరు, పిల్లల రిమోట్ కారు, తాతయ్య బీపీ యంత్రం... వీటిలో ఏదో ఒకటి ఈ ఊళ్లోనో, దీని చుట్టుపక్కలో పుట్టే ఉంటుంది.

పావుగంట ప్రయాణం

షెన్‌జెన్‌కి హాంకాంగ్ మీదుగా వెళ్లడం తేలిక. పశ్చిమ కౌలూన్ స్టేషన్లో హైస్పీడ్ రైలెక్కితే ఫుతియెన్‌కి పావుగంట. సికింద్రాబాద్‌లో ఎంఎంటీఎస్ ఎక్కిన మనిషి ఖైరతాబాద్ చేరేలోపు ఇక్కడ ఊరికి ఊరే మారిపోతుంది. ఈ లైను 2018లో మొదలైంది. చైనా వీసా మాత్రం ముందే చేతిలో ఉండాలి, తనిఖీలన్నీ కౌలూన్ స్టేషన్లోనే అయిపోతాయి. సరదాగా పాత పద్ధతిలో వెళ్లాలంటే మామూలు రైల్లో లోవూ దాకా వెళ్లి, నది మీది వంతెనను నడిచి దాటాలి. సంచులు మోసుకుంటూ రోజూ అటూ ఇటూ తిరిగే చిరువ్యాపారులతో ఆ దారి కిటకిటలాడుతూ ఉంటుంది.

ఊళ్లో అడుగుపెట్టగానే కొట్టొచ్చినట్టు కనిపించేది... కాదు కాదు, వినిపించనిది ఒకటుంది. బస్సుల మోత! 2017 చివరికల్లా ఊళ్లోని 16 వేలకు పైగా సిటీ బస్సులన్నిటినీ కరెంటు బస్సులుగా మార్చేశారు. టాక్సీలూ అదే దారి పట్టాయి. రోడ్డు దాటేటప్పుడు చెవుల్ని నమ్ముకోకూడదు, రెండువైపులా చూసుకోవాల్సిందే.

భోజనానికి ఇబ్బంది ఉండదా అంటే, ఉంటుంది. శాకాహారులకైతే మరీను. కాకపోతే ఈ ఊరి జనంలో ఎక్కువమంది వేరే రాష్ట్రాల నుంచి వలస వచ్చినవాళ్లే. వాళ్లతోపాటు హునాన్, సిచువాన్ వంటలూ వచ్చాయి. వాటిలో గుప్పిళ్లకొద్దీ తేలే ఎండుమిరపకాయల్ని చూస్తే గుంటూరువాళ్లకి కాస్త ధైర్యం వస్తుంది.

మొదటి పాఠం చేతిపని

'ఒకప్పుడిది చేపలు పట్టుకునే చిన్న పల్లె' అని ప్రతి గైడూ చెబుతాడు. వినడానికి బాగుంటుంది కానీ పూర్తిగా నిజం కాదు. బజారు, రైలుస్టేషను ఉన్న సరిహద్దు పట్టణం ఇది. చుట్టూ పొలాలు, లీచీ తోటలు. 1979లో మొత్తం జిల్లా అంతా కలిపినా జనాభా సుమారు 3 లక్షలు. 2020 జనాభా లెక్కల్లో అది కోటీ 75 లక్షలు దాటింది!

మధ్యలో జరిగిందేమిటంటే... 1980 ఆగస్టు 26న చైనా దీన్ని ప్రత్యేక ఆర్థిక మండలిగా ప్రకటించింది. హాంకాంగ్‌లో కూలీ రేట్లు, స్థలాల ధరలు పెరిగిపోయిన యజమానులు నది దాటి ఇవతలికొచ్చారు. ముడిసరుకు వాళ్లే తెచ్చేవారు. నమూనా వాళ్లదే, విడిభాగాలూ వాళ్లవే. ఇక్కడివాళ్లది చేతిపని మాత్రమే. తయారైన సరుకు మళ్లీ నది దాటి వెళ్లిపోయేది. ఇవాళ మనం 'అవుట్‌సోర్సింగ్' అంటున్న దానికి ఇక్కడ దిద్దుకున్న తొలి అక్షరాలు ఇవే.

ఆ రోజుల్లో షెకౌ ప్రాంతంలో ఒక బోర్డు పెట్టారు. 'కాలమే డబ్బు, సామర్థ్యమే ప్రాణం' అని. కమ్యూనిస్టు దేశంలో డబ్బు మాట అంత పెద్ద అక్షరాల్లో రాయడం అప్పట్లో పెద్ద దుమారమే రేపింది. 1985లో పూర్తయిన 53 అంతస్తుల గువోమావో భవనాన్ని మూడు రోజులకో అంతస్తు చొప్పున లేపారన్నది ఈ ఊరివాళ్లు ఇప్పటికీ గొప్పగా చెప్పుకునే మాట. ఈ మండలికి శ్రీకారం చుట్టిన డెంగ్ షియావోపింగ్ విగ్రహం లియన్‌హువా కొండ మీద ఉంటుంది. నిలబడి ఆశీర్వదిస్తున్నట్టు కాదు, కోటు రెపరెపలాడుతుండగా గబగబా నడిచివెళ్తున్నట్టు. షెన్‌జెన్‌కి అలాంటి విగ్రహమే తగింది.

పది అంతస్తుల సంత

ఈ ఊరి గుండెకాయ ఎక్కడుందో తెలియాలంటే మెట్రోలో హువాచియాంగ్ స్టేషన్లో దిగాలి. కోఠిలో గుజరాతీ గల్లీ, ఆబిడ్స్‌లో జగదీష్ మార్కెట్, సికింద్రాబాద్‌లో సీటీసీ... ఈ మూడింటినీ ఒకచోట కుప్పపోసి, కొన్ని పదుల రెట్లు పెంచి, ఏసీ పెట్టి, ఎస్కలేటర్లు బిగిస్తే హువాచియాంగ్‌బేయ్ బజారు అవుతుంది. 1988లో సెగ్ ఎలక్ట్రానిక్స్ మార్కెట్‌తో ఇక్కడ వ్యాపారం ఊపందుకుంది. దాని తర్వాత ఒకదాని పక్కన ఒకటి ఎన్నో మార్కెట్ భవనాలు లేచాయి. సెగ్ వాళ్ల 72 అంతస్తుల ఆకాశహర్మ్యం 2021 మే 18న గాలివాన లేకుండానే ఊగడం మొదలెట్టింది. జనం పరుగో పరుగు! పైకప్పు మీది పొడవాటి స్తంభమే కారణమని తేల్చి, దాన్ని పీకేశాక సెప్టెంబరులో మళ్లీ తెరిచారు.

లోపలికెళ్తే కింది అంతస్తుల్లో అన్నీ విడిభాగాలే. మన కిరాణా కొట్టులో కందిపప్పు, మినప్పప్పు గోతాల్లో పెట్టినట్టు ఇక్కడ రెసిస్టర్లు, కెపాసిటర్లు, చిప్‌లు చుట్టలు చుట్టలుగా పెట్టి అమ్ముతారు. ఒక్కో దుకాణం అంటే ఒక బల్ల, దాని వెనక ఒక మనిషి కూర్చునేంత చోటు. అంతే. ఒక బల్ల మీద కేవలం స్విచ్‌లు. పక్కదాని మీద కేవలం కెమెరా కళ్లు. ఆ పక్కన మైకులు, బియ్యపుగింజంత. ఒకావిడ పట్టకారుతో చిప్‌లు ఏరుతుంటే పక్కనే ఆమె కూతురు హోంవర్క్ చేసుకుంటూ ఉంటుంది. ఎటు వెళ్లినా వినిపించే ఒకే ఒక్క సంగీతం... ప్యాకింగ్ టేపును సర్రున లాగిన చప్పుడు.

భాష రాదన్న బెంగ అక్కర్లేదు. మీరు వస్తువు చూపిస్తారు. ఆమె క్యాలిక్యులేటర్ మీద అంకె నొక్కి మీవైపు తిప్పుతుంది. మీరు కొట్టేసి ఇంకో అంకె నొక్కుతారు. తల అడ్డంగా ఊగితే బేరం ఇంకా ఉందన్నమాట. బన్నీ హువాంగ్ అనే అమెరికా ఇంజినీరైతే 2016లో ఈ బజారు కోసమే ఒక పుస్తకం వేశాడు. ఒకవైపు ఇంగ్లిషు, మరోవైపు చైనీసు. 'నాకిది కావాలి, ఇన్ని కావాలి, అసలు సరుకేనా?' అన్నవన్నీ వేలితో చూపిస్తే చాలు, నోరు విప్పక్కర్లేదు. స్కాటీ అలెన్ అనే మరో అమెరికా ఇంజినీరు 2017లో ఈ బల్లల మీదే ఒక్కో ముక్కా కొనుక్కుని సొంతంగా పనిచేసే ఐఫోన్ బిగించుకున్నాడు. ఆ వీడియో ప్రపంచమంతా చూసింది.

పై అంతస్తులకు వెళ్లేకొద్దీ విడిభాగాలు పోయి పూర్తి వస్తువులు వస్తాయి. అసలు కథ అక్కడుంది. వాటిమీద ఏ కంపెనీ పేరూ ఉండదు. పేరు పెట్టే చోటు ఖాళీగా ఉంచుతారు. మీ కోసం!

అందరి బోర్డు, అందరి అచ్చు

ఇక్కడివాళ్లు వాడే రెండు మాటలు తెలుసుకుంటే ఈ వ్యాపారం సగం అర్థమైనట్టే. ఒకటి 'గోంగ్‌బాన్'. అంటే అందరి బోర్డు. ఒక వస్తువు లోపల ఉండే సర్క్యూట్ బోర్డును ఒక డిజైన్ సంస్థ తయారుచేస్తుంది. దాన్ని ఒక్కరికే అమ్మదు, అడిగినవాళ్లందరికీ అమ్ముతుంది. రెండోది 'గోంగ్‌మో'. అందరి అచ్చు. పైన ప్లాస్టిక్ డొప్ప పోసే అచ్చును కూడా అలాగే ఎవరైనా వాడుకోవచ్చు. అందుకే అమీర్‌పేటలో ఒక పేరుతో, ఆఫ్రికాలో ఇంకో పేరుతో, బ్రెజిల్‌లో మరో పేరుతో అచ్చం ఒకే స్పీకర్ కనిపిస్తుంది. తల్లి ఒక్కటే, పేర్లే వేరు.

ఈ పద్ధతికి ఊపిరి పోసింది మీడియాటెక్ అనే తైవాన్ కంపెనీ. అంతకుముందు ఒక సెల్‌ఫోన్ తయారు చేయాలంటే పెద్ద ఇంజినీర్ల దండు కావాలి. చిప్ ఒకరి దగ్గర, సాఫ్ట్‌వేర్ ఇంకొకరి దగ్గర తెచ్చుకుని నెలల తరబడి కుస్తీ పట్టాలి. మీడియాటెక్ చిప్‌తోపాటు బోర్డు నమూనా, సాఫ్ట్‌వేర్ కూడా కలిపి ఇవ్వడం మొదలెట్టింది. ఇడ్లీపిండి ప్యాకెట్ లాంటిదన్నమాట, రుబ్బుకునే పని లేదు. 2007లో చైనా ఫోన్ల తయారీకి లైసెన్సు అక్కర్లేదని తేల్చేశాక షెన్‌జెన్‌లో చిన్నాచితకా సంస్థలు వందలకొద్దీ పుట్టుకొచ్చాయి. రెండు సిమ్‌లు, టార్చిలైటు, చెవులు దిమ్మెక్కే స్పీకర్లు, కారు ఆకారంలో ఫోన్లు! చైనా ఫోను అని మనం నవ్వుకున్నవి ఇవే. రెండు సిమ్‌ల సదుపాయాన్ని తర్వాత పెద్ద కంపెనీలన్నీ నోరు మూసుకుని నేర్చుకున్నాయి.

సరే, అందరి వస్తువు వద్దు, నా వస్తువు నాకే కావాలి అంటే? అదీ చేస్తారు. బొమ్మ పట్టుకుని డిజైన్ సంస్థ దగ్గరికెళ్తే ముందు ఆకారం గీస్తారు. బోర్డు రూపొందిస్తారు, లోపలి సాఫ్ట్‌వేర్ రాస్తారు. త్రీడీ ప్రింటర్‌తోనో, లోహాన్ని చెక్కే యంత్రంతోనో ఒక నమూనా చేసిస్తారు. తయారీకి ఎక్కడ ఇబ్బందో ఫ్యాక్టరీ ఇంజినీరు చూసి, ఈ మూల గుండ్రంగా ఉండాలి, ఈ మర తీసేయొచ్చు అంటాడు. ఆ సలహా పుస్తకాల్లో దొరకదు. డబ్బిచ్చి కొనుక్కునే వాటిలో అసలైన సరుకు అదే. తర్వాత ఉక్కుతో అచ్చు కోస్తారు. అప్పటిదాకా ఏ మార్పయినా కాగితం మీద పని. అచ్చు కోశాక చేసే ప్రతి మార్పూ డబ్బే. చివరికి ఒక నమూనాని ఇరుపక్షాలూ ఒప్పుకుని సంతకం పెట్టుకుంటాయి. రేపు వచ్చే వేలాది వస్తువుల్ని దానితోనే పోల్చి చూస్తారు. దానికి 'బంగారు నమూనా' అని ముద్దుపేరు.

డబ్బుల సంగతి ఇంట్లో పెళ్లి లెక్కలాంటిదే. సాధారణంగా 30 శాతం అడ్వాన్సు, సరుకు ఓడెక్కే ముందు మిగతా 70 శాతం. అచ్చుకి 3 లక్షలు అయిందనుకుందాం. 500 వస్తువులు చేయిస్తే ఒక్కోదాని మీద అచ్చు భారమే 600 రూపాయలు. 10 వేలు చేయిస్తే 30 రూపాయలు. లాభం ఎక్కడుందో ఈ ఒక్క లెక్కలో తెలిసిపోతుంది. అమ్మగలమో లేదో తెలియకుండా 10 వేలకు ఆర్డరిస్తే గోడౌన్ నిండిపోయి ఇల్లు ఖాళీ అవుతుందన్నదీ ఇందులోనే ఉంది. పైగా ఓడ కిరాయి, కస్టమ్స్ సుంకం, జీఎస్టీ. ఎలక్ట్రానిక్ వస్తువుల్లో చాలావాటికి మన బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఇవన్నీ కలపకుండా 'అక్కడ ఇంత, ఇక్కడ ఇంత' అని లెక్కలేసుకున్నవాళ్లు మొదటి కంటైనర్‌తోనే ఇంటిముఖం పడతారు.

ఇంకో చిక్కుంది. చైనా కొత్త సంవత్సరం. సంక్రాంతికి హైదరాబాద్ ఎలా ఖాళీ అవుతుందో అప్పుడు షెన్‌జెన్ అలా ఖాళీ అయిపోతుంది. మనది వారం, వాళ్లది వారాలు. సెలవు నుంచి అందరూ తిరిగొస్తారన్న నమ్మకమూ లేదు. అనుభవజ్ఞులు పంచాంగం చూసుకుని మరీ ఆర్డర్లు పెడతారు.

ఆరున్నర డాలర్లు

ఇంత పని చేసిపెట్టే ఊరికి మిగిలేదెంత? దీనికి లెక్క ఉంది. షింగ్, డెటెర్ట్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2010లో ఆసియా అభివృద్ధి బ్యాంకు సంస్థ తరఫున ఒక పత్రం వెలువరించారు. 2009లో ఒక ఐఫోన్ తయారీకి అయిన ఖర్చు 178.96 డాలర్లు. జపాన్, జర్మనీ, కొరియా, అమెరికాల నుంచి వచ్చిన విడిభాగాలకే దాదాపు అంతా పోయింది. చైనాలో దాన్ని బిగించినందుకు దక్కింది 6 డాలర్ల 50 సెంట్లు. అమ్మిన ధరలో సింహభాగం ఒక్క స్క్రూ కూడా బిగించని ఆపిల్‌కి.

ఆ 6.50 డాలర్ల వెనక లుంగ్‌హువాలోని ఫాక్స్‌కాన్ ప్రాంగణం ఉంది. ఊరిలో ఊరు. సొంత క్యాంటీన్లు, హాస్టళ్లు, ఆసుపత్రి. పల్లెల నుంచి వచ్చిన పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల పిల్లలు షిఫ్టుల్లో ఒకే కదలికని వేలసార్లు చేసేవారు. 2010లో డజనుకు పైగా యువకార్మికులు ప్రాణాలు తీసుకోవడంతో ప్రపంచం ఉలిక్కిపడింది. జీతాలు పెంచారు, భవనాల చుట్టూ వలలు కట్టారు. ఈ వలల సంగతి తెలిశాక చేతిలో ఫోను కాస్త బరువెక్కుతుంది.

షెన్‌జెన్ ఆ 6.50 దగ్గర ఆగిపోలేదు. నేర్చుకుంది. బోర్డు బిగించే చేతులు బోర్డు గీయడం నేర్చాయి. బ్యాటరీలతో 1995లో మొదలైన బీవైడీ కార్లలోకి వెళ్లింది. హాంకాంగ్‌లో చదువుకున్న ఫ్రాంక్ వాంగ్ 2006లో పెట్టిన డీజేఐ డ్రోన్ల ప్రపంచాన్నే ఏలుతోంది. మన పెళ్లిళ్లలో తలలమీద తిరిగే కెమెరా చాలావరకు ఆ కంపెనీదే.

అందరిదైన వస్తువుకి అమ్మానాన్నలు ఉండరన్న సంగతి 2015లో తెలిసింది. రెండు చక్రాల మీద నిలబడి జారిపోయే హోవర్‌బోర్డులు ఆ ఏడాది ప్రపంచమంతా పిచ్చెక్కించాయి. అందరి బోర్డు, అందరి అచ్చు పుణ్యమా అని ఎక్కడ చూసినా అదే తయారీ. క్రిస్మస్‌కి ముందే బ్యాటరీలు మంటలంటుకోవడం మొదలైంది. అమెరికాలో 2016 జులైలో ఒకేసారి 5 లక్షలకు పైగా బోర్డుల్ని వెనక్కి రప్పించారు. ఎవరి డిజైనని అడిగితే చెప్పేవాడు లేడు. కొన్నవాళ్ల ఇల్లు కాలింది, పేరు వేసుకున్నవాళ్ల వ్యాపారం కాలింది.

మన ఫోన్లేమయ్యాయి?

షెన్‌జెన్ వీధుల్లో తిరుగుతుంటే తెలుగువాళ్లకి తప్పకుండా గుర్తొచ్చే పేరొకటుంది. సెల్‌కాన్. 2009లో హైదరాబాద్‌లో పుట్టింది. ఒకప్పుడు మన జిల్లా కేంద్రాల్లో ఏ సెల్ షాపు బోర్డు మీద చూసినా ఆ పేరే. మైక్రోమ్యాక్స్, కార్బన్, లావా... అప్పటి దేశీ బ్రాండ్లన్నిటిదీ ఒకటే దారి. ఫోను చైనాలో తయారు, పేరు మనది, అమ్మకం మనది. తక్కువ పెట్టుబడితో ఎక్కువ లాభం. తప్పేముంది? మైక్రోమ్యాక్స్ తొలి ఫోను 2008లో వచ్చింది, చార్జి చేస్తే నెల్లాళ్లు వచ్చే బ్యాటరీతో. కరెంటు లేని పల్లెలో లారీ బ్యాటరీతో ఫోన్లు చార్జి చేసి డబ్బులు తీసుకోవడం చూసి ఆ ఆలోచన వచ్చిందని దాని వ్యవస్థాపకుడు రాహుల్ శర్మ చెబుతుంటారు. డిజైన్ ఎవరిదైనా, కొనేవాడి కష్టం మాత్రం వాళ్లే కనిపెట్టారు. 2014 ఆఖరి మూడు నెలల్లో స్మార్ట్‌ఫోన్ల అమ్మకాల్లో మైక్రోమ్యాక్స్ శామ్‌సంగ్‌నే దాటేసిందని కెనాలిస్ సంస్థ లెక్కకట్టింది.

సరిగ్గా ఆ ఏడాదే షావోమీ మన దేశంలో అడుగుపెట్టింది. ఒప్పో, వివో కూడా. మనవాళ్లకి ఫోన్లు చేసిచ్చిన చైనానే సొంత పేర్లతో దుకాణం తెరిచింది! 2016లో జియో 4జీ వచ్చేసరికి మన బ్రాండ్ల గోడౌన్ల నిండా 3జీ ఫోన్లు. కొత్త ఫోను గీయడానికి సొంత ఇంజినీర్లు లేరు, మళ్లీ అదే బజారుకి వెళ్లి అదే బల్ల దగ్గర నిలబడాలి. కళ్లముందే నీరుగారిపోయాయి. సెల్‌కాన్ 2015లో మేడ్చల్‌లో బిగింపు కేంద్రం తెరిచింది కానీ అప్పటికే గాలి మారిపోయింది. 'పొరుగింటి పుల్లకూర రుచి' అంటారు. రుచే. రోజూ పొరుగింటి గిన్నెతోనే వడ్డించే ఇంట్లో పొయ్యి వెలిగించడం మరిచిపోతారు. అవుట్‌సోర్సింగ్‌కి మన అధికార భాషలో 'పొరుగు సేవలు' అని పేరు పెట్టిన మహానుభావుడికి దండం పెట్టాలి.

మరి అందరి గతీ ఇంతేనా అంటే కాదు. అదే బజారులో పుట్టిన ట్రాన్షన్ కథ చూడండి. 2006లో మొదలైంది. చైనాలో అమ్మకాల జోలికే పోలేదు. ఆఫ్రికా మీద దృష్టి పెట్టింది. టెక్నో, ఐటెల్, ఇన్ఫినిక్స్ దాని బ్రాండ్లే. ఆఫ్రికాలో ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకో నెట్‌వర్క్‌కి కాల్ ఖరీదు, అందుకని జనం జేబులో నాలుగైదు సిమ్‌లు. కాబట్టి ఎక్కువ సిమ్‌లు పట్టే ఫోన్లు ఇచ్చింది. నల్లని మేనిఛాయ ఉన్నవాళ్ల ఫొటోలు మామూలు కెమెరాల్లో చీకట్లో కలిసిపోతున్నాయని గమనించి, కెమెరాను దానికి తగ్గట్టు సరిదిద్దింది. ఇథియోపియాలో అమ్హారిక్ భాషలో కీబోర్డు ఇచ్చింది. 2011లో అక్కడే ఫ్యాక్టరీ పెట్టింది. ఆఫ్రికాలో అత్యధికంగా అమ్ముడయ్యే ఫోన్లు ట్రాన్షన్‌వే అయ్యాయి. 2019లో షాంఘై స్టాక్ మార్కెట్లో నమోదైంది. చిప్ అందరూ కొనేదే. తెర అందరూ కొనేదే. కొనేవాడి మొహం ఫొటోలో ఎలా పడుతోందో చూసింది మాత్రం ఆ ఒక్క కంపెనీయే. మైక్రోమ్యాక్స్‌కి 2008లో ఉన్నదీ, ఆ తర్వాత చేజారిందీ ఈ చూపే.

మన శ్రీసిటీలో 2015లో ఫాక్స్‌కాన్ షావోమీ ఫోన్లు బిగించడం మొదలెట్టింది. చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలే ఎక్కువమంది. ఇంటికి జీతం వస్తోంది, మంచిదే. షెన్‌జెన్‌లోనూ 1980ల్లో ఇలాగే మొదలైంది. అయితే ఆ అమ్మాయిలు బిగించే బోర్డు ఎక్కడ గీశారు, ఆ గీత నేర్చుకునే ఇంజినీర్లు మన కాలేజీల నుంచి శ్రీసిటీకి వెళ్తున్నారా, హైటెక్ సిటీకే వెళ్తున్నారా అన్నది షెన్‌జెన్ వెళ్లొచ్చినవాళ్లెవరికైనా కలిగే సందేహం.

రాసుకున్నవాడిదే రాజ్యం

ఎవరైనా ఔత్సాహికులు ఈ దారిలో వెళ్లాలనుకుంటే ముందు తెలుసుకోవాల్సినవి కొన్నున్నాయి. చైనాలో ట్రేడ్‌మార్క్ ముందు దరఖాస్తు చేసినవాడిదే. ఊళ్లో మీరెంత పేరున్నవాళ్లయినా సరే, అక్కడ మీ పేరు ఇంకొకరు నమోదు చేసుకుంటే మీ సరుకు మీరే ఎగుమతి చేసుకోలేరు. అచ్చుకి డబ్బు కట్టింది మీరే అయినా, అది మీదని ఒప్పందంలో రాసుకోకపోతే ఫ్యాక్టరీ మారాలనుకున్న రోజున తెలుస్తుంది దాని సంగతి. ఆ ఒప్పందం కూడా చైనీసులో ఉండాలి, చైనా కోర్టుల్లో చెల్లాలి. హైదరాబాద్ కోర్టు పరిధి అని రాసుకుంటే చదువుకోవడానికి బాగుంటుంది, అంతే.

ఇంకోటి, నాణ్యత నెమ్మదిగా జారడం. మొదటి లోడు బంగారంలా ఉంటుంది. మూడో లోడులో ప్లాస్టిక్ కాస్త పలచన. అయిదో లోడులో మర ఒకటి మాయం. పాల్ మిడ్లర్ అనే మధ్యవర్తి 2009లో ఈ అనుభవాలతో ఒక పుస్తకమే రాశాడు. షాంపూ సీసా గోడలు చెప్పాపెట్టకుండా పలచబడి, నొక్కితే చొట్టపోయే దాకా వచ్చిన కథ అందులో ఉంది. అందుకే సరుకు ఓడెక్కకముందే మూడో మనిషితో తనిఖీ చేయించుకుంటారు, మిగతా 70 శాతం చేతిలో ఉండగానే.

చేతులు కలిపే మేడలు

ఇంత డబ్బు తిరిగే ఊళ్లో పనిచేసేవాళ్లు ఎక్కడుంటారు? ఆకాశహర్మ్యాల సందుల్లో పాత పల్లెలు అలాగే మిగిలిపోయాయి. పొలాలు పోయిన రైతులు ఉన్న కాస్త ఇంటిజాగాలోనే ఆరేడంతస్తులు లేపి అద్దెకిచ్చారు. మేడకీ మేడకీ మధ్య ఎంత తక్కువ ఎడమంటే ఈ కిటికీలోంచి ఆ కిటికీలోకి చెయ్యి కలపొచ్చు. వాటిపేరే 'కరచాలన మేడలు'. కిందంతా నూడుల్స్ బండ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, ఫోన్ రిపేర్లు. రాత్రయితే సందులో ప్లాస్టిక్ స్టూళ్లేసుకుని భోజనాలు. 'వస్తే చాలు, నువ్వు షెన్‌జెన్ మనిషివే' అని ఈ ఊరికి ఒక నినాదం ఉంది. వాళ్లకి అర్థమైన షెన్‌జెన్ ఈ సందులే. ఒక్కొక్కటిగా కూల్చి కొత్త టవర్లు కడుతున్నారు, అద్దెలు కట్టలేనివాళ్లు ఇంకా దూరం జరుగుతున్నారు.

పర్యాటకుల కోసమైతే 'విండో ఆఫ్ ది వరల్డ్' పార్కు ఉంది. అసలుదాన్లో మూడో వంతు ఎత్తుతో 108 మీటర్ల ఈఫిల్ టవర్, కాస్త అవతల తాజ్‌మహల్. నకళ్ల ఊరికి నకళ్ల పార్కు అని నవ్వుకోవచ్చు. సమయం తక్కువుంటే దాన్ని వదిలేసి మెట్రో మూడో లైన్లో దాఫెన్ స్టేషన్లో దిగడం మేలు.

దాఫెన్‌ది వింత కథ. 1989లో హువాంగ్ జియాంగ్ అనే హాంకాంగ్ చిత్రకారుడు కొందరు శిష్యులతో వచ్చి ఈ పల్లెలో అద్దెకు దిగాడు. విదేశీ దుకాణాల నుంచి ఆర్డర్లు... వాన్‌గోహ్ పొద్దుతిరుగుడు పూలు ఇన్ని వందలు, నక్షత్రాల రాత్రి ఇన్ని వందలు. చూస్తుండగానే పల్లె మొత్తం వేలాది చిత్రకారులతో నిండిపోయింది. ఫ్యాక్టరీలో లాగా ఒకడు ఆకాశం, ఒకడు చెట్లు వేస్తారని విలేకరులు తెగ రాశారు. వినీ వాంగ్ అనే పరిశోధకురాలు 2013లో పుస్తకం రాస్తూ ఆ మాట కొట్టిపారేశారు. ఎక్కువమంది తమ గదుల్లో కూర్చుని బొమ్మ మొదలునుంచి చివరిదాకా తామే వేస్తారట. 2008 మాంద్యంతో విదేశీ ఆర్డర్లు పడిపోయాయి. ఊరు సొంత దేశపు కొనుగోలుదార్ల వైపు తిరిగింది.

ఇక్కడి జావో షియావోయోంగ్ ఇరవై ఏళ్లపాటు వాన్‌గోహ్ బొమ్మలు వేలకొద్దీ వేశాడు, అసలు బొమ్మ ఒక్కటీ చూడకుండానే. 2016లో వచ్చిన 'చైనాస్ వాన్‌గోహ్స్' డాక్యుమెంటరీ అతని కథే. అందులో అతను ఆమ్‌స్టర్‌డామ్ వెళ్తాడు. తన బొమ్మలు కొనే పెద్దమనిషికి గొప్ప గ్యాలరీ ఉందనుకున్నాడు. తీరా చూస్తే మ్యూజియం బయట జ్ఞాపికలమ్మే కొట్టు. తనకిచ్చిన దానికి ఎన్నో రెట్ల ధర రాసి ఉంది. తర్వాత మ్యూజియంలోకి వెళ్లి అసలు చిత్రాల ముందు మాటాడకుండా నిలబడ్డాడు. తిరిగొచ్చాక వాన్‌గోహ్‌ని కాసేపు పక్కనపెట్టి, సొంతూరు వెళ్లి నానమ్మ బొమ్మ వేశాడు.

దాఫెన్ సందుల్లో ఇప్పటికీ పొద్దుతిరుగుడు పూలు గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటాయి. బేరమాడొచ్చు. దుకాణాల లోపలి గోడల మీద వేరే బొమ్మలు కొన్ని ఉంటాయి... పల్లెటూరి వాకిళ్లు, ముసలివాళ్ల మొహాలు, కరచాలన మేడలు. వాటి దగ్గర క్యాలిక్యులేటర్ అంత తొందరగా బయటికి రాదు.